పాత పికప్పుకు కొత్త బలం: లెక్క చక్రం దగ్గర మొదలుపెట్టాలి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం చుట్టుపక్కల మెకానిక్ షెడ్లలో తరచూ వినిపించే కోరిక ఒకటుంది: పాత పికప్పు బండి బాడీ ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి దానికి బలమైన ఇంజను వేయిస్తే బాగుంటుందని. కోరికలో తప్పు లేదు. నిచ్చెన ఆకారపు ఛాసిస్, కమాన్ కట్టలు, వెనుక ఇరుసు ఉండే బరువైన హౌసింగు ఉన్న పాత బండ్లను సరిగ్గా చూసుకుంటే చాలా కాలం పని చేస్తాయి, వాటి మరమ్మతు తెలిసిన చేతులు ఈ గోదావరి డెల్టాలో ఊరూరా ఉన్నాయి. చిక్కల్లా ఆలోచన మొదలయ్యే చోట ఉంది. దాదాపు ప్రతి ఒక్కరూ ముందు అడిగే ప్రశ్న "ఎన్ని గుర్రాల ఇంజను వేద్దాం?" అనేదే. ఇంజను, క్లచ్చు, గేర్‌బాక్సు, జాయింట్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు బలం చేర్చేది), క్రౌను పినియన్ (వెనుక హౌసింగులో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జత), టైరు అనే ఈ గొలుసులో చివర తేల్చుకోవలసిన ప్రశ్న అది. ముందు టైరు నేలను తాకే చోట ఎంత బలం కావాలో తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ ఇంజను దాకా రావాలి. ఈ వరుస తిరగబడినప్పుడే డబ్బు ఖర్చయి, బండి మాత్రం షెడ్డులో నిలిచిపోతుంది.

ఇంజనుతో మొదలుపెట్టే అలవాటు అమెరికా వీడియోల నుంచి వచ్చిందని నా అనుమానం. అక్కడ ఆ పద్ధతికి కారణం ఉంది. షెవర్లే కంపెనీ 1955లో తెచ్చిన చిన్న బ్లాకు వీ8 ఇంజను, 1997లో వచ్చిన ఎల్‌ఎస్ కుటుంబపు ఇంజన్లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. వాటి విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, పాత పికప్పుల బానెట్ కింద వాటికి కావలసినంత చోటు ఉంటుంది. పైగా అలా మార్చిన బండ్లు ఎక్కువగా ఖాళీగా, వెడల్పాటి తారు రోడ్ల మీద, పెట్రోలుతో, సరదా కోసం తిరుగుతాయి. డెల్టాలో పికప్పు బతుకు అది కాదు. ఐసు నింపిన రొయ్యల ట్రేలతో, మేత బస్తాలతో, కొబ్బరికాయలతో, కడియం నర్సరీ మొక్కలతో నిండి, ఏటిగట్టు మీదికీ చెరువు గట్ల మీదికీ ఎక్కి దిగుతూ, మధ్యలో జాతీయ రహదారి మీద లారీల వెంట పరుగెత్తవలసిన బండి ఇది. ఇక్కడ మంచి పనితీరు అంటే తక్కువ వేగంలో లాగే శక్తి, ఎండలో వేడెక్కని ఇంజను, లోడుతో నమ్మకంగా ఆగే బ్రేకులు.

లెక్క వేయడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి 2,800 కిలోలు అనుకుందాం. చదునైన తారు రోడ్డు మీద టైర్లు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం మొత్తం బరువులో సుమారు ఒకటిన్నర శాతం, అంటే దాదాపు 410 న్యూటన్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పికప్పు లాంటి మొండి ఆకారానికి గాలి వల్ల ఎదురయ్యే నిరోధం మరో 500 న్యూటన్లు. ఈ రెండింటినీ అధిగమిస్తూ ఆ వేగం నిలుపుకోవడానికి చక్రాల దగ్గర సుమారు 20 కిలోవాట్లు చాలు. గేర్‌బాక్సులోనూ హౌసింగులోనూ పోయే 15 శాతాన్ని కలుపుకున్నా ఇంజను ఇవ్వవలసింది 32 గుర్రాల శక్తి మాత్రమే. వేగం 100కి పెంచితే అది 52 గుర్రాలకు చేరుతుంది, ఎందుకంటే గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పరుచుకున్న ఈ నేల మీద, కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ నంబరు రహదారి మీద తిరిగే బండికి పాత ఇంజను సత్తా కాగితం మీద సరిపోతూనే ఉంది. అయినా బండి లాగడం లేదని యజమాని అంటున్నాడంటే కారణం వేరే చోట వెతకాలి.

ఆ వేరే చోటు గట్టు ర్యాంపు. ఆరు మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు లేచే మట్టి ర్యాంపును, వాన కురిశాక, నిలిచిన చోటు నుంచి ఎక్కవలసి వచ్చిందనుకుందాం. ఏటవాలు వల్ల 4,500 న్యూటన్లు, మెత్తటి మట్టి వల్ల సుమారు 1,650 న్యూటన్లు, మొత్తం 6,150 న్యూటన్ల బలం చక్రం దగ్గర కావాలి. టైరు వ్యాసార్ధం 34 సెంటీమీటర్లయితే ఇరుసు మీద దాదాపు 2,090 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) కావాలి, నష్టాలు కలుపుకుంటే 2,460. ఇక్కడే గేర్ల నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలన్నది, నిర్ణయాత్మకమవుతుంది. ఫస్టు గేరు నిష్పత్తి 4.0, క్రౌను పినియన్ నిష్పత్తి 3.73 అయితే ఇంజను 165 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. క్రౌను పినియన్ 4.30 అయితే 143 సరిపోతాయి, 4.88 అయితే 126 చాలు. మహీంద్రా బండ్లలో విరివిగా వచ్చిన 2,498 సీసీ పూజో ఎక్స్‌డీ3పీ ఇంజను గరిష్ఠ టార్కు సుమారు 150 న్యూటన్ మీటర్లు. అంటే అదే ఇంజను ఒక నిష్పత్తితో ర్యాంపు ఎక్కలేక ఆగిపోతుంది, మరొక నిష్పత్తితో కొంత బలం మిగుల్చుకుని ఎక్కుతుంది. ఇంజనును ముట్టుకోకుండానే, కేవలం పళ్ల చక్రాలు మార్చడం వల్ల వచ్చిన తేడా ఇది.

క్రౌను పినియన్ నిష్పత్తి ఎంతో తెలియకపోతే హౌసింగు మూత విప్పి పళ్లు లెక్కపెట్టాలి. క్రౌనుకు 39, పినియనుకు 8 ఉంటే 4.88. క్రౌనుకు 41, పినియనుకు 11 ఉంటే 3.73. క్రౌనుకు 43, పినియనుకు 8 ఉంటే పాత జీపుల్లో కనిపించే 5.38. పాత బండ్లలో హౌసింగులు చేతులు మారి, వేరే బండి నుంచి వచ్చి చేరిన సందర్భాలు ఉంటాయి కాబట్టి కాగితాల్లో ఉన్నదాన్ని నమ్మి లెక్క వేయకూడదు.

అయితే నిష్పత్తి ఎంత పెంచినా, ఇంజను ఎంత పెద్దదైనా, టైరుకు పట్టు దొరికినంత మేరకే ఆ బలం పనికివస్తుంది. మన ఉదాహరణలో వెనుక ఇరుసు మీద 1,700 కిలోలు పడుతున్నాయనుకుంటే, ఓ మోస్తరు తడి మట్టి మీద ఘర్షణ గుణకం 0.4 చొప్పున 6,670 న్యూటన్ల దాకా పట్టు దొరుకుతుంది, ర్యాంపు ఎక్కడానికి అది చాలు. చెరువుల దగ్గర జిగురు బంకమట్టి బాగా నాని ఆ గుణకం 0.25కు పడిపోతే దొరికేది 4,170 న్యూటన్లే. కావలసింది 6,150. అప్పుడు వంద గుర్రాల ఇంజను వేసినా చక్రం అక్కడే తిరిగి గుంట తవ్వుకుంటుంది. ఈ స్థితికి మందు ఇంజనులో లేదు. లోతైన గాడులున్న టైర్లు, వాటిలో గాలి తగ్గింపు, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే డిఫరెన్షియల్, వీలైతే నాలుగు చక్రాల లాగుడు, ఇవే పనికివచ్చేవి. వాన కాలమంతా చెరువు గట్ల మీదే తిరిగే బండికి ఇంజను కోసం దాచిన సొమ్ములో సగమైనా ముందు ఇటు మళ్లించడం మేలని నా గట్టి అభిప్రాయం.

నిష్పత్తి పెంచినందుకు చెల్లించే మూల్యం రహదారి మీద కనిపిస్తుంది. 34 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న టైరు 80 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 625 సార్లు తిరుగుతుంది. క్రౌను పినియన్ 4.88 ఉండి, టాపు గేరు నేరుగా ఒకటికి ఒకటైతే ఇంజను 3,050 చుట్లు తిరగాలి. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిలుకు అది దాదాపు చివరి హద్దు. చప్పుడు, డీజిలు ఖర్చు, అరుగుదల అన్నీ అక్కడ పెరుగుతాయి. గేర్‌బాక్సులో 0.85 నిష్పత్తి గల అయిదో గేరు ఉంటే చుట్లు 2,600కు దిగుతాయి. అందుకే నాలుగు గేర్ల పాత పెట్టెను తీసి అయిదు గేర్ల పెట్టె వేయడమన్నది, ఎక్కువ నిష్పత్తి గల క్రౌను పినియనుతో కలిపి చూసినప్పుడు, పెద్ద ఇంజను వేయడం కన్నా ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. మహీంద్రా బండ్ల సంగతి తెలిసినవారికి నాలుగు గేర్ల కేఎంటీ 90, పూజో వంశానికి చెందిన అయిదు గేర్ల బీఏ 10 అనే పేర్లు పరిచయమే. పెట్టె ఎంచుకునేటప్పుడు పేరు కన్నా మూడు విషయాలు ముఖ్యం: అది ఎంత టార్కు తట్టుకోవడానికి తయారైంది, దాని ఫస్టు గేరు నిష్పత్తి ఎంత, దాని బెల్ హౌసింగు (ఇంజనుకు బిగించే ముందు భాగం) మన ఇంజనుకు నేరుగా కూర్చుంటుందా లేదా.

మూడోది తేలిగ్గా తీసుకోదగింది కాదు. నేరుగా కూర్చోని చోట మధ్యలో ఒక ప్లేటు కోయించి బిగిస్తారు. క్రాంకు షాఫ్టు మధ్యరేఖ, గేర్‌బాక్సు లోపలి షాఫ్టు మధ్యరేఖ మిల్లీమీటరులో చిన్న భాగం తేడా కూడా లేకుండా ఒకదానికొకటి సూటిగా ఉండాలి. లేకపోతే పైలట్ బేరింగు, దాని వెంట గేర్‌బాక్సు ముందు బేరింగు త్వరగా పోతాయి, క్లచ్చు వదులుతున్నప్పుడు బండి వణుకుతుంది. లేతు పని చేసేవారి దగ్గర డయల్ గేజి పెట్టి చూడకుండా ఆ ప్లేటును బిగించకూడదు. ఇంజను స్థానం ముందుకో వెనక్కో జరిగితే జాయింట్ షాఫ్టు పొడవు మారుతుంది, దాని చివర్లలోని క్రాసుల (మడతపడే జాయింట్ల) కోణాలు మారతాయి. రెండు చివర్ల కోణాలు సమానంగా లేకపోతే షాఫ్టు ప్రతి చుట్టులోనూ వేగం పెరిగి తగ్గుతూ తిరుగుతుంది. దాన్ని రోడ్డు వల్ల వచ్చే వణుకు అనుకుని టైర్లు మార్చుకునేవారు ఉన్నారు. కొత్తగా కోసి అతికించిన షాఫ్టును బ్యాలెన్సు చేయించడం కూడా ఈ పనిలో భాగమే.

ఇప్పుడు ఇంజను దగ్గరికి రావచ్చు. పాత బండి లాగడం లేదంటే చాలాసార్లు అది చిన్న ఇంజను కావడం వల్ల కాదు, అరిగిపోయిన ఇంజను కావడం వల్ల. నూనె మూత తీస్తే పొగ తోసుకు వస్తోందంటే రింగులు, స్లీవులు అరిగి కంప్రెషను కిందికి పోతోందని అర్థం. డీజిలు మండేది కంప్రెషను వేడికే కాబట్టి, ఆ నష్టం నేరుగా బలంలో కనిపిస్తుంది. డీజిలు చల్లే నాజిళ్లు సరైన ఒత్తిడి దగ్గర తెరుచుకోకపోయినా, డీజిలు పంపు టైమింగు కొద్దిగా జారినా, గాలి ఫిల్టరు ధాన్యపు ధూళితో మూసుకుపోయినా ఫలితం అదే. అందుచేత ఏ మార్పుకైనా ముందు ఉన్న ఇంజనుకు కంప్రెషను పరీక్ష చేయించి, నాజిళ్లనూ పంపునూ బెంచి మీద పెట్టించి చూడాలి. బోరు చేయించి, స్లీవులు, పిస్టన్లు, వాల్వు సీట్లు సరిచేసిన తర్వాత ఆ పాత ఇంజను ఇచ్చే బలం చూసి, మార్చాలన్న కోరికే మానుకునే యజమానులు ఉంటారు.

మార్చక తప్పదనుకున్నప్పుడు, ఏ ఇంజను ఎంతదో పోల్చుకోవడానికి కొన్ని కొలతలు గుర్తుంచుకోవాలి. పూజో ఎక్స్‌డీపీ 4.90 అంటే నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 2,112 సీసీ. 1988లో వచ్చిన టాటా మొబైల్‌లోని 483 ఇంజను బోరు 83 మిల్లీమీటర్లు, పరిమాణం 1,948 సీసీ. టాటా 497 బోరు 97 మిల్లీమీటర్లు, పరిమాణం 2,956 సీసీ. పెద్ద ఇంజను బరువు కూడా పెద్దదే. ముందు ఇరుసు మీద అదనంగా పడే ప్రతి కిలో ముందు కమాన్ కట్టల మీద, స్టీరింగు మీద, ముందు బ్రేకుల మీద పడుతుంది.

టర్బో గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. డీజిలు ఇంజను బలాన్ని నిర్ణయించేది లోపలికి వెళ్లే గాలి బరువు. 2,498 సీసీ ఇంజను 3,000 చుట్ల దగ్గర, సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి సుమారు 3,200 లీటర్ల గాలి పీలుస్తుంది. 35 డిగ్రీల వేడిలో లీటరు గాలి బరువు 1.15 గ్రాములు కాబట్టి గంటకు అది 220 కిలోలు. పొగ రాకుండా మండాలంటే ఒక కిలో డీజిలుకు దాదాపు 20 కిలోల గాలి కావాలి, అంటే గంటకు 11 కిలోల డీజిలు. పాత తరహా ఇంజను ఒక కిలోవాటు శక్తిని గంటసేపు ఇవ్వడానికి 280 గ్రాములు తాగుతుందనుకుంటే వచ్చేది 39 కిలోవాట్లు, సుమారు 53 గుర్రాలు. ఆ గాలితో అంతకు మించి రాదు. పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచితే కొంచెం లాగినట్టు అనిపిస్తుంది గాని, మిగిలినదంతా నల్లటి పొగగా పోతుంది, ఎగ్జాస్టు వేడి పెరిగి పిస్టను తల దెబ్బతింటుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పిస్టను మిశ్రలోహం అంతకన్నా తక్కువ వేడికే బలం కోల్పోతుంది. మే నెలలో గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత ఆరు శాతం పైగా తగ్గుతుంది కాబట్టి ఇంజను బలం కూడా ఆ మేరకు పడిపోతుంది. వేసవి మధ్యాహ్నం బండి బరువుగా లాగుతోందనిపించడం భ్రమ కాదు.

టర్బో ఈ గాలినే నొక్కి పంపుతుంది. అర బారు ఒత్తిడి పెడితే గాలి ఒకటిన్నర రెట్లవుతుందని చాలామంది అనుకుంటారు. నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది. 35 డిగ్రీల గాలి టర్బో దాటేసరికి 90 డిగ్రీలకు పైగా చేరుతుంది, అందువల్ల నిజంగా పెరిగే గాలి బరువు నాలుగో వంతు మాత్రమే. మధ్యలో ఇంటర్‌కూలరు పెట్టి దాన్ని 55 డిగ్రీలకు దింపగలిగితే పెరుగుదల 40 శాతానికి చేరుతుంది. టర్బో లేకుండా పుట్టిన ఇంజనుకు ఇది చిన్న మార్పు కాదు. తయారీ సంస్థలు అదే ఇంజనుకు టర్బో పెట్టినప్పుడు పిస్టన్లు, హెడ్ గాస్కెట్, కంప్రెషను నిష్పత్తి, నూనె ప్రవాహం వంటివి మళ్లీ రూపొందిస్తాయి. ఆ పనులేవీ చేయకుండా టర్బో ఒక్కటే తెచ్చి బిగిస్తే బలం వస్తుంది, ఆయుష్షు పోతుంది. పెడితే తక్కువ ఒత్తిడికి పరిమితం కావాలి, ఎగ్జాస్టు వేడి చూపే మీటరు తప్పనిసరిగా ఉండాలి, క్లచ్చు ప్లేటునూ ప్రెజరు ప్లేటునూ పెరిగిన టార్కుకు తగినట్టు మార్చాలి.

ఇంజను ఎంత ఎక్కువ డీజిలు మండిస్తే అంత ఎక్కువ వేడి రేడియేటరుకు వస్తుంది. డెల్టాలో దీనికి తోడు నీటి సమస్య ఉంది. తీరానికి దగ్గరగా ఉన్న అనేక గ్రామాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే లోపల పొర కట్టి, హెడ్డులోని దారులు తుప్పుపట్టి మూసుకుపోతాయి. కొత్తగా బోరు చేయించిన ఇంజనులో అయినా సరే, ఖనిజాలు తీసేసిన నీళ్లతో కలిపిన కూలెంటు తప్ప మరొకటి పోయకూడదు.

ఉప్పు ప్రభావం ఛాసిస్ మీద ఇంకా తీవ్రం. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పు కలిసిన ఐసు నీళ్లు ఏళ్ల తరబడి వెనుక క్రాస్ మెంబర్ల మీద, కమాన్ కట్టల బ్రాకెట్ల లోపల, బ్రేకు గొట్టాల మీద నిలుస్తాయి. పైనుంచి రంగు మెరుస్తున్నా లోపల రేకు పొరలుగా ఊడుతుంది. సుత్తితో తట్టి, ధ్వని విని, అనుమానమున్న చోట గీకి చూడాలి. లోపల తుప్పుతిన్న ఛాసిస్‌కు బలం పెంచిన ఇంజను బిగించడం ప్రమాదకరం, అక్కడితో ఆ ప్రణాళిక ఆపేయాలి.

బ్రేకుల విషయం కూడా అంతే కచ్చితమైనది. ఇదే బరువుతో 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి 389 కిలోజౌళ్లు, 80లో అయితే 691, అంటే దాదాపు ఒకటిముప్పావు రెట్లు. వేగం పెరిగేలా మార్పు చేసినవారు బ్రేకులను కూడా దానితోపాటు పెంచాలి. డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనులా థ్రోటిలు ఉండదు కాబట్టి బ్రేకు బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ దానంతట అది రాదు, ఆల్టర్నేటరు వెనుకో మరోచోటో ఉండే ఎగ్జాస్టరు పంపు ఇవ్వాలి. ఇంజను మార్చేటప్పుడు ఆ పంపు సామర్థ్యం, దాని నూనె గొట్టాలు చూడకుండా వదిలేస్తే మొదటి గట్టు దిగేటప్పుడే పెడలు రాయిలా బిగుసుకుంటుంది.

చట్టం సంగతి పని మొదలుపెట్టకముందే తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో పొసగకుండా పోయేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని కచ్చితంగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. కాబట్టి అదే సంస్థ, అదే రకం ఇంజను వేయించినా కొత్త నంబరును రవాణా కార్యాలయంలో పత్రంలో ఎక్కించుకోవాలి. వేరే సంస్థ ఇంజనుతో రహదారి మీద తిరగవచ్చన్న భరోసా ఏ షెడ్డు ఇచ్చినా నమ్మకూడదు. ప్రమాదం జరిగిన రోజు బీమా సంస్థ ముందుగా చూసేది ఆ నంబరునే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు రవాణా వాహనం ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి కాబట్టి మార్పు దాగదు కూడా. ఇంజను బలం పెరిగినంత మాత్రాన పత్రంలో రాసిన మొత్తం బరువు పరిమితి పెరగదన్నది మరో ముఖ్యమైన విషయం. ఈ హద్దుల మధ్య చూస్తే, పాత ఇంజనునే కొత్తదానిలా చేయించడం, తయారీదారు అదే నమూనాకు ఇచ్చిన గేర్‌బాక్సు, క్రౌను పినియన్లలో మన పనికి సరైనవి ఎంచుకోవడం, బ్రేకులూ టైర్లూ మెరుగుపరచడం అన్నదే డెల్టా బండికి నేను సూచించే దారి.

పని పూర్తయిన బండిని వెంటనే పూర్తి లోడుతో పంపకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతో, వేగం మారుస్తూ నడిపి, నూనె మార్చి, జాయింటు బోల్టులు, ఇంజను మౌంటింగులు, బెల్ హౌసింగు బోల్టులు తిరిగి బిగించాలి. ఆ తర్వాత డెల్టా దాటి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాటు వైపు లోడుతో ఒకసారి తీసుకెళ్లడం మంచిది, ఎందుకంటే చదునైన రోడ్లు ఎన్నడూ బయటపెట్టని లోపాలను పొడవైన ఎగువ రోడ్డు బయటపెడుతుంది. అక్కడ నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు వేడి ముల్లు పైకి పోయి, వేగం అందుకోగానే దిగివస్తే లోపం ఫ్యానులోనో దాని చుట్టూ ఉండే కవరులోనో ఉంది. వేగం అందుకున్నా ముల్లు దిగకపోతే రేడియేటరు గొట్టాలు, థర్మోస్టాటు, నీటి పంపు, ఆ వరుసలో చూడాలి. ముల్లు నిలకడగా ఉండి పొగ మాత్రం నల్లబడుతుంటే పంపు డీజిలు కొద్దిగా తగ్గించి, అదే ఎగువను మళ్లీ ఎక్కించి చూడాలి.